ముప్పై ఒకటో రొట్టె

నిన్ఫాకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. సాధువు జోజప్ప గారు తిరిగిచ్చిన బిడ్డను ఆ జోజప్ప గారే మళ్ళీ తీసుకుపోతారని.

చీకటంటే ఆమెకు భయం లేదు. పోలీసు కారంటే లేదు. మొగుడంటే కూడా, అతను గడప లోపల ఉన్నంతసేపు, లేదు. కానీ పద్నాలుగు నెలల సాంతో నిద్రలో ఒక్క దగ్గు దగ్గితే చాలు. కాళ్ళ కింద నేల మెత్తబడిపోయి, మార్చి నెలలో సరస్సు మీద విరిగిన మంచుపలకలా ఎటో తేలిపోతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు వాడు దగ్గాడు.

"అదిగో, మళ్ళీ," అంది నిన్ఫా.

"పిండి దుమ్ముకు దగ్గాడే అమ్మాయ్. నాకూ వస్తోంది దగ్గు. నన్నూ తీసుకుపోతాడా ఏం నీ జోజప్ప?" అంది అత్తగారు అగాత, ముక్కు మీద పిండి తుడుచుకుంటూ.

వంటింట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. గోడ వారన పిండి బస్తాలు, వాటి మీద ఆలివ్ నూనె డబ్బాలు. మేకులకు ఎండు అంజూరపళ్ళ దండలు. తొట్టిలో సార్డీన్ చేపలు, వాటి పక్కన సోంపు ఆకుల కట్టలు. కిటికీ దగ్గర బుట్టల నిండా గుడ్లు, తెల్లగా, ఒకదాని మీద ఒకటి, కల్లో కనిపించే గుడ్లలాగా. తెల్లారితే జోజప్ప గారి పండగ.

"ఇంత సరుకు సముద్రం అవతల మా ఊళ్ళో జమీందారు కూతురి పెళ్ళికి కూడా దిగలేదు," అంది అగాత. "ఈ బఫెలో పట్నం మొత్తంలో సాధువుకు ఇలాంటి విందు బల్ల ఎవరూ పరిచి ఉండరు. నువ్వేమో శవం లేచిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నావు."

"ఇది బిచ్చం కాదత్తయ్యా."

"మరేమిటట?"

"కప్పం."

అగాత చేతిలోని జల్లెడ ఆగింది. పొయ్యి మీద నీళ్ళ గిన్నె తనలో తను గొణుక్కుంది.

"మొక్కుకున్నది నేను," అంది నిన్ఫా నెమ్మదిగా. "ఇంట్లో డబ్బుతో ఒక్క గుడ్డు కొనకూడదు. వీధిలో ప్రతి తలుపూ తట్టి అడుక్కురావాలి. అడిగితే, మనసుంటే పెడతారు, లేకపోతే పొమ్మంటారు. పొమ్మనే వీలుంటేనే అది బిచ్చం. ఈ వీధిలో నన్ను పొమ్మనగలిగిన మనిషి ఎవరున్నారు?"

"పొమ్మనిపించుకోవాలని అంత సరదాగా ఉంటే రేపు నేనంటాలే! జోజప్ప, మరియమ్మ, బాల యేసు వేషాలేసుకుని పిల్లలొచ్చి తలుపు తడతారుగా. మొదటిసారి చోటు లేదు పొండి అంటాను. రెండోసారీ చోటు లేదంటాను. మూడోసారి కొడితే తీస్తాను. ఆ మొదటి రెండుసార్లు నువ్వు కూడా బయట నిలబడి విను. నీ ముచ్చట తీరుతుంది."

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వకపోతే ఏం చెయ్యమంటావే? ఏడవమంటావా? నీ మొగుణ్ణి కన్నదాన్ని నేను. నీకంటే ముందు నుంచి ఏడుస్తున్నాను." అగాత జల్లెడ మళ్ళీ ఊపింది. పిండి మంచులా రాలింది. "సాధువుకు పిండి కావాలి. వచ్చింది. ఇచ్చిన చెయ్యి వణికిందా లేదా అని ఆయన చూడడు."

చూస్తాడు, అనుకుంది నిన్ఫా. వడ్రంగి కదా. ఏ చెక్క లోపల పుచ్చుందో తట్టి చెప్పగలడు.

ఫిబ్రవరిలో బిడ్డ గొంతు మూసుకుపోయిన రోజు ఆమెకు ఇంకా ఒక కలలాగే గుర్తు. డాక్టరు బల్ల మీది టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు. డాక్టరు టోపీ పెట్టుకున్నాడంటే ఇక చెయ్యవలసింది లేదని. నిన్ఫా జోజప్ప గారి పటం ముందు నేల మీద పడిపోయి, ఏం వాగిందో తనకే తెలియకుండా వాగింది. బల్ల పరుస్తాను, కాళ్ళకు చెప్పులు లేకుండా తిరుగుతాను, అడుక్కుంటాను. గంట గడిచిందో లేదో సాంతో నుదుటి మీద చెమట పట్టింది. ఊపిరి ఈలలా లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

అదే రోజు, బిడ్డ తేరుకున్నాక బయటికి వెళ్ళిన మొగుడు లిబోరియో సాయంత్రం తిరిగొచ్చి చొక్కా విప్పి బుట్టలో వేశాడు. కుడిచేతి మణికట్టు పట్టీ ఒక్కటే ఎర్రగా తడిసి ఉంది.

తనేం చేస్తాడో అతను ఎప్పుడూ ఆమెకు చెప్పలేదు. చొక్కాలు చెప్పాయి. నెత్తుటికి వేడినీళ్ళు పొయ్యకూడదని, చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాలని పెళ్ళయిన మొదటి ఏడే నేర్చుకుంది. పన్నెండేళ్ళప్పుడు మంచుగడ్డలు వీపున మోసి మెట్లెక్కిన కుర్రాడు, ఇరవై ఏళ్ళకు రేవు గేటు దగ్గర జీతాల రోజున గోడకానుకుని నిలబడటం మొదలుపెట్టాడు. అయిదు డాలర్లు తీసుకున్నవాడు వారం తిరిగేసరికి ఆరు తెచ్చివ్వాలి. తేలేనివాడికి ఆ ఆరూ మళ్ళీ అప్పే. ఆ తరవాత చేపలవాడి లారీ తగలబడింది. ఇంటికప్పులు వేసే ఒకాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకొకాయన టోపీ మాత్రం సరస్సు మంచు మీద, చాలా దూరంలో, నల్లటి పిట్టలా వాలి కనిపించింది. టోపీ ఒక్కటే.

ఫిబ్రవరి నాటి ఆ పట్టీ మీద ఉన్నది బార్బరు తానో నెత్తురు. అతని కుడిచెయ్యి షాపు తలుపు సందులో పెట్టి తలుపు మూశారు.

ఆ రోజు నుంచి ఏడో వీధిలో మగాళ్ళెవరూ జుట్టు కత్తిరించుకోలేదు. తానో కత్తెర పట్టలేడు. వేరే బార్బరు దగ్గరకెళితే తానో నోటి దగ్గర కూడు తీసినట్టు. అందుకని అందరూ పాత నిబంధన ప్రవక్తల్లా గడ్డాలతో తిరుగుతున్నారు. నున్నగా ఉన్నది లిబోరియో ఒక్కడే. పైపేటలో గీయించుకుంటాడు.

"ఇంకెన్ని తలుపులున్నాయే?" అంది అగాత.

"ఒకటి."

ఎవరిదో అగాత అడగలేదు. మేజోళ్ళ జత తెచ్చి కోడలి ముందు పడేసింది. "ఉన్ని మేజోళ్ళు తొడుక్కో. చెప్పుల్లేకుండా అన్నావు గానీ మేజోళ్ళు లేకుండా అనలేదు. జోజప్ప గారిది ఎండల దేశం, బఫెలో మంచు సంగతి ఆయనకేం తెలుసు."

*

బిడ్డను శాలువాలో చుట్టి చంకన వేసుకుని నిన్ఫా వీధిలోకి దిగింది. సరస్సు మీద నుంచి పొగమంచు లేచి ఇళ్ళ మధ్యకు వస్తోంది. రేవులో గోధుమలు వేయించే వాసన, తీయగా. అడుగులో అడుగు వేస్తే మంచు చప్పుడు చెయ్యలేదు.

మూడు రోజులుగా ఇలాగే తిరిగింది. ప్రతి తలుపూ ఆమె తట్టకముందే తెరుచుకుంది. మూలమీద చేపలాయన తొట్టి తొట్టంతా ఎత్తి ఇచ్చాడు. "బాబుగారికి చెప్పండమ్మా, తొట్టి మొత్తం ఇచ్చానని," అన్నాడు. బాబుగారట. మంచుగడ్డలు మోసే రోజుల్లో లిబోరియోను చెవి పట్టుకుని కొట్లోంచి బయటికి గెంటిన మనిషి.

గుడ్ల తాత పాస్క్వాలె అయితే నిన్ఫాను పుట్టినప్పటి నుంచి "ఏమే పిల్లా" అనే పిలిచేవాడు. ఈసారి తలుపు తీసి, "రండి, లోపలికి రండి, మీరు నిలబడకూడదు," అన్నాడు. ఆ "మీరు" అన్న మాట ఆమె గుండెల మీద చల్లటి చెయ్యిలా పడింది. డజను గుడ్లిచ్చాడు. ఆమె సగం వీధి దాటాక వెనకాల రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, ముసలాయన, ఇంకో అరడజను పట్టుకుని. "తక్కువైందని అనుకుంటారేమోనని," అన్నాడు.

"తాతా, నీకు పెట్టాలని ఉంటేనే పెట్టు. లేకపోతే లేదను. నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి లేదను."

ఆయన కళ్ళలో భయం రెట్టింపైంది. గుడ్లు బుట్టలో పెట్టి, చొక్కా జేబులోంచి చిన్న చాక్లెట్టు కూడా తీసి పెట్టి వెళ్ళిపోయాడు.

చివరి తలుపు ఆకుపచ్చది. మూడంతస్తుల ఇంటికి కింది వాటా. ముందు గది షాపు. అద్దం మీద కత్తెర బొమ్మ.

నిన్ఫా తట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ తట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. మూడోసారికి వెనెరా తలుపు తీసింది.

వెనెరా తానో పెళ్ళాం. నిన్ఫాకు పురిట్లో పాలు పడకపోతే నలభై రోజులు సాంతోకు రొమ్మిచ్చిన మనిషి. ఇప్పుడు గుమ్మంలో, చేతులు రెండూ ఏప్రను కింద దాచుకుని, దారిన పోయే దాన్ని చూసినట్టు చూసింది.

"జోజప్ప గారి బల్లకు బిచ్చం అక్కా," అంది నిన్ఫా. "పిడికెడు పిండైనా. చిటికెడు ఉప్పైనా."

"పిండి ఉంది," అంది వెనెరా. "ఉప్పుంది. నిన్న మా తమ్ముడు తెచ్చిన నూనె డబ్బా కూడా ఉంది. ఏదీ నీకు పెట్టను."

లోపల కిటికీ పక్కన తానో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒడిలో చచ్చిన పావురంలా పడి ఉంది. ఎడమచేత్తో కత్తెర పట్టుకుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టిన చీపురు కొసల్ని కత్తిరిస్తున్నాడు. ఎడంచేతికి పని నేర్పుకుంటున్నాడు. నేల మీద చీపురు ముక్కలు జుట్టులా పడ్డాయి.

"పెట్టెయ్యి వెనెరా," అన్నాడు ఆయన అక్కడి నుంచే. "ఏముంటే అది పెట్టెయ్యవే. నీకు దణ్ణం పెడతాను."

"ఏ చేత్తో పెడతావు?"

తానో తల దించుకున్నాడు. చీపురు మీద కత్తెర మళ్ళీ కదిలింది, వంకరగా.

శాలువాలోంచి సాంతో తల బయటపెట్టాడు. పాత వాసన తెలిసిందేమో, రెండు చేతులూ చాపి వెనెరా మీదికి ఉరకబోయాడు. "మ్మ... మ్మ..." అన్నాడు. వెనెరా చేతులు ఏప్రను కింద కదిలాయి. బయటికి రాలేదు.

"వాణ్ణి ఇటు తిప్పకు. అటు తిప్పు," అంది. "లేదన్నానుగా. ఈ ఇంట్లో నీకు లేదు. నీ బల్లకు లేదు. వెళ్ళు."

అప్పుడు నిన్ఫాకు ఒంట్లో బరువంతా దిగిపోయింది. మూడు రోజులుగా ఇటుకల్లా ఎత్తుకుని తిరుగుతున్న బరువు. పొగమంచులో ఎక్కడో కిటికీ తెరిచినట్టు ఊపిరాడింది. వీధి మొత్తంలో ఒక్క మనిషి తన ముఖంలోకి చూసి లేదంది. ఇదే బిచ్చం. ఇవ్వకపోవడమే ఇచ్చింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలక్కా," అంది.

"ఎగతాళి చేస్తున్నావా?"

"ఒట్టు. ఇన్ని ఇళ్ళు తిరిగాను. వీధంతా నా వెనకాల ఆయన్ని చూసింది. నువ్వొక్కదానివే నన్ను చూశావు."

వెనెరా కళ్ళు తడిశాయో, మంచు పడిందో. "వెళ్ళి మీ ఆయనకు చెప్పుకో," అంది చివరికి.

"చెప్పను. నా బిడ్డ మీద ఒట్టు."

"నువ్వు చెప్పక్కర్లేదు నిన్ఫా. ఆయనకు గోడలు చెప్తాయి."

తలుపు మూసుకుంది.

*

"బార్బరు వాళ్ళు ఏమిచ్చారు?" అంది అగాత, కోడలి చేతులు ఖాళీగా ఉండటం చూసి కూడా.

"ఇవ్వాల్సింది ఇచ్చింది."

అగాత పిండి ముద్దలు విడదీయడం మొదలుపెట్టింది. సాధువు కోసం పెద్ద రొట్టెలు అప్పటికే కాలాయి, ఒకటి నిచ్చెనలా, ఒకటి సుత్తిలా, ఒకటి జోజప్ప గారి గడ్డంలా. ఇక ఇంటి రొట్టెలు. బిచ్చం పెట్టిన ప్రతి ఇంటికీ పండగనాడు అరచేతంత రొట్టె, మీద శిలువ గీత, పక్కన ఒక ఎండు చిక్కుడు గింజ. పెట్టని ఇంటికి రొట్టె వెళ్ళదు.

"ముప్పై ఒకటి చెయ్యి," అంది అగాత, తల ఎత్తకుండా.

"ముప్పై."

"పిండి ఉందిగా అమ్మాయ్. ఒకటి ఎక్కువైతే కుక్క తింటుంది. చెయ్యి."

"పెట్టని ఇంటికి రొట్టె చేస్తే సాధువు ముందు అబద్ధం చెప్పినట్టు అత్తయ్యా. బిడ్డను బతికించిన వాడితో అబద్ధమాడతానా? అబద్ధపు రొట్టె నా చేత్తో చెయ్యను."

"నీ అంత నిజాయితీ కోడల్ని ఏ అత్తా మొయ్యలేదే తల్లీ," అంది అగాత. ఆ గొంతులో నవ్వు లేదు.

ముప్పై రొట్టెలు కాలాయి. నిన్ఫా తెల్లటి దుప్పటి పరిచిన బల్ల మీద వాటిని పేర్చింది. మనసు తేలిగ్గా ఉంది. చేతులు వాటంతటవే కదిలాయి. ఇటు ఒక వరుస, అటు ఒక వరుస, నడుమ తెల్లటి దారి. అది చేపలాయనది, దాని పక్కన గుడ్ల తాతది. రొట్టెల మీంచి పిండి రాలి దుప్పటి మీద పరుచుకుంది. వెనక్కి జరిగి చూస్తే ఏడో వీధే చిన్నదై తన బల్ల మీద నిద్రపోతున్నట్టు ఉంది, మంచు కప్పుకుని. ఆమె చాలా రోజుల తరవాత నవ్వుకుంది.

*

లిబోరియో నాలుగింటికి వచ్చాడు. టోపీ తీశాడు. తొట్టి దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. బిడ్డను ముట్టుకునే ముందు ఎప్పుడూ అంతే, గోళ్ళ సందులు కూడా.

"ఏరా సాంతూచో, దొంగ వెధవా, ఎంత బరువయ్యావురా! నీకంటే మంచుగడ్డలు నయం." బిడ్డను ఎత్తి గాల్లోకి విసిరి పట్టుకున్నాడు. సాంతో కిలకిలమన్నాడు. "అమ్మా, ఏమిటీ వాసన! దారినపోయే కుక్కలన్నీ మన గుమ్మం ముందు జపమాల చెప్పుకుంటున్నాయి."

"ముట్టుకోకు. ఫాదరు గారు దీవించేదాకా ముట్టుకోకూడదు," అంది అగాత.

"చూడకూడదా ఏం?"

బిడ్డను చంకనేసుకుని బల్ల చుట్టూ నడిచాడు. ఆ పెద్ద చేతి వేలు రొట్టెల మీద గాల్లో తేలింది. ఇంట్లో అతని గొంతు ఎప్పుడూ పెరగదు. కిటికీలోంచి సాయంకాలపు వెలుగు పాలలా వచ్చి ముగ్గురి మీదా పడింది. ఎవరైనా చూస్తే పటం గీసుకుంటారు.

"ఇదిగోరా, ఇది మన వీధి. మీ అమ్మ రొట్టెలతో వీధి కట్టింది. ఇది చేపల తాత ఇల్లు. గడ్డం చూశావా ఆయనకి, మేక! ఇది గుడ్ల తాత. ఇది మేడ మీద దర్జీ అమ్మ. ఇది..."

నిన్ఫా చూసింది. ఎడమ వరుసలో, దర్జీ ఇంటి తరవాత, ఆమె చేతులు తమంతట తామే ఒక ఖాళీ వదిలాయి. రొట్టెంత ఖాళీ. అక్కడ దుప్పటి తెల్లగా ఉంది.

వేలు ఆ ఖాళీ మీద ఆగింది.

"ఇక్కడ ఇల్లేదీ?" అన్నాడు లిబోరియో, బిడ్డతోనే.



"నేను తినేశాను రా," అంది అగాత. "ఆకలేసి."

"దీవించని రొట్టె నువ్వు తిన్నావా అమ్మా? అరవై ఏళ్ళలో ఎప్పుడైనా తిన్నావా?" అతను నిన్ఫా వైపు తిరిగాడు. "తానో ఇల్లు."

"వాళ్ళు ఇంట్లో లేరండీ."

"తానో ఆరు వారాలుగా ఆ కుర్చీలోంచి లేవలేదు." గొంతు ఇంకా తగ్గింది. నిన్ఫాకు తెలుసు, అతని గొంతు తగ్గితేనే భయపడాలి. "లేదందా?"

ఆమె పటం వైపు చూసింది. ఒక్క అబద్ధం ఆడింది, అదే చాలా దూరం పోయి గోడకు తగిలి తిరిగొచ్చినట్టుంది.

"నాకు లేదంది. బిడ్డకు కాదు. వినండి, మీరు కోప్పడకుండా వినాలి. అదొక్కటే నిజమైన బిచ్చం. మిగతావన్నీ భయంతో ఇచ్చినవి. ఆవిడ లేదన్నది కాబట్టే నా మొక్కు..."

"నాకు కోపం లేదు నిన్ఫా." నిజంగానే లేదు. అతని ముఖం తెల్లబడి ఉంది. "ఫిబ్రవరిలో నువ్వు పటం ముందున్నావు. నేను వరండాలో ఉన్నాను. నేనూ మొక్కాను. నాకు తెలిసిన ఒక్క మొక్కు, అమ్మ మొక్కినదే." తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, చెప్పు. తమ్ముడి కోసం నువ్వు బిచ్చమెత్తినప్పుడు ఎన్ని ఇళ్ళు లేదన్నాయి?"

"వాడికి గొంతు వాపు జబ్బురా."

"ఎన్ని ఇళ్ళు?"

అగాత కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పడ్డాయి. "ఒకటి," అంది.

"ఒకటి. ఈస్టరు నాటికి తమ్ముడు లేడు. ఆ శవపెట్టె నేను కూడా మోశాను, అంత తేలిగ్గా ఉంది." లిబోరియో బిడ్డ ముఖాన్ని తన మెడలో దాచుకున్నాడు. "వీధిలో ఒక్క తలుపు మూసుకున్నా మొక్కు చెల్లదు. ఎవరు ఎందుకిచ్చారో సాధువుకు అనవసరం. అన్ని తలుపులూ తెరుచుకోవాలి. అంతే."

నిన్ఫా అతని కళ్ళలో చూసింది. ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి అక్కడ తన భయమే కనిపించింది, అచ్చం తనదే. అద్దంలో చూసుకున్నట్టు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కోపాన్ని బతిమాలవచ్చు. భయాన్ని ఎవరు బతిమాలగలరు?

అతను కోటు వేసుకున్నాడు. బిడ్డను కోటులోపల పెట్టి బొత్తాలు పెట్టుకున్నాడు. అలమారలోంచి ఒక చిన్న గ్లాసు తీసుకున్నాడు.

"బిడ్డనెక్కడికి? దగ్గుతున్నాడండీ. బయట మంచు."

"వాడి ముఖం చూసి లేదనమను. పిడికెడు పిండి. అడుగుతాను. మర్యాదగానే అడుగుతాను."

"ఆవిడ ఇవ్వకపోతే?"

"ఇస్తుంది," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే, ఎంతో మెత్తగా.

తలుపు మూసుకుంది. గ్లాసు కోటు బొత్తానికి తగిలిన చప్పుడు మెట్ల మీద కిందికి వెళ్ళిపోయింది. టింగ్, టింగ్.

"చంకలో బిడ్డ ఉన్నాడుగా," అంది అగాత, ఎవరికో చెప్పుకుంటున్నట్టు. "ఏం చెయ్యడులే. ఒక చెయ్యే ఖాళీ."

"ఫిబ్రవరి చొక్కాకు కూడా ఒక పట్టీయే తడిసిందత్తయ్యా."

అగాత నోటికి ఏప్రను అంచు అడ్డం పెట్టుకుంది.

నిన్ఫా పరిగెత్తింది. మేజోళ్ళతోనే. బయట పొగమంచు వీధిని మింగేసింది. ఇళ్ళు రొట్టెల్లా గుండ్రంగా, మసగ్గా ఉన్నాయి, నడుమ తెల్లటి దారి. తను పేర్చిన బల్ల మీదే తను పరిగెడుతున్నట్టు అనిపించింది ఆమెకు, చీమంత అయి. ముందు అతని అడుగుజాడలు. మంచు వాటిని ఆమె కళ్ళ ముందే పూడుస్తోంది. పక్కింటి కిటికీలో తెర కదిలింది. ఆ పైన ఇంకోటి. ఎవరూ కిందికి రాలేదు.

ఆకుపచ్చ తలుపు మూసి ఉంది. ముందు గదిలో దీపం ఉంది. అరుపు లేదు, ఏడుపు లేదు. కత్తెర చప్పుడు కూడా లేదు.

నిన్ఫా తట్టింది.

ఎవరూ పలకలేదు.

మళ్ళీ తట్టింది. "అక్కా, నేను. బిడ్డ కోసం వచ్చాను." లోపల ఏదో ఒకటి నేల మీద పడింది, చిన్నగా. గ్లాసేమో. ఆ తరవాత సాంతో దగ్గు, ఒక్కటే, ఎక్కడో చాలా దూరం నుంచి, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు.

రెండుసార్లు తట్టడం అయింది. మూడోసారికి చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తెరుచుకుంటే ఏం చూడాల్సి వస్తుందోనని.

అమ్మా, అక్కా, ఇది చదువుతున్న వారెవరైనా సరే. మీ పిల్లలు ఇప్పుడు మీ పక్కన నిద్రపోతూ ఉంటారు. వాళ్ళ ఊపిరి ఒకసారి విని, దుప్పటి సర్ది, ఆ తరవాత ఏడో వీధికి ఒక్కసారి వెళ్ళి రండి. దర్జీ ఇంటి పక్కన ఆకుపచ్చ తలుపు. గుమ్మంలో చెప్పుల్లేని పిల్ల ఒకతె చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. ఆమె బదులు ఆ మూడో దెబ్బ మీరు కొట్టండి. బార్బరు తానో ఎలా ఉన్నాడో చూడండి. ఆయన ముఖం తరవాత చూద్దురు గాని, ముందు ఎడమచెయ్యి చూడండి.